దారి చూపినవాడి జీతం

కెనడాలో మానిటోబా రాష్ట్రానికి రాజధాని విన్నిపెగ్. సముద్రానికి ఎంతో దూరంగా, గోధుమ చేల నడుమ పెరిగిన ఊరు. అక్కడి మానిటోబా మ్యూజియంలో ఒక పెద్ద హాలు నిండా తెరచాప ఓడ ఒకటి నిలబడి ఉంటుంది. పేరు నాన్‌సచ్. 1668 జూన్‌లో థేమ్స్ నది నుంచి బయలుదేరి, హడ్సన్ అఖాతం దక్షిణపు కొస దాకా వెళ్లి, అక్కడ ఒక శీతకాలం గడిపి, 1669 అక్టోబరులో బీవర్ చర్మాలతో లండన్ చేరిన ఓడకు ఇది నకలు. 1968లో ఇంగ్లండ్‌లోని డెవన్ తీరంలో కట్టారు. పొడవు పదహారు మీటర్ల పైచిలుకు, అంతే. హాలును ఆనాటి డెట్‌ఫర్డ్ రేవులా తీర్చిదిద్దారు కాబట్టి చూడవచ్చినవారు రేవు మెట్టు మీది నుంచే ఓడలోకి అడుగుపెడతారు. ఇంత చిన్న చెక్క ఓడ మంచుగడ్డల సముద్రంలోకి ఎలా వెళ్లిందన్న ఆశ్చర్యం ఎవరికైనా కలుగుతుంది. నాకు అంతకన్నా పెద్ద ప్రశ్నగా తోచేది మరొకటి. ఎటు వెళ్లాలో ఆ ఓడకు చెప్పిందెవరు, చెప్పినందుకు వాళ్లకు ముట్టిందెంత? జవాబు అదే ఊళ్లో, వాన్ వీధిలోని మానిటోబా ప్రభుత్వ రికార్డుల భవనంలో ఉంది. హడ్సన్స్ బే కంపెనీ తన మూడు శతాబ్దాల కాగితాలను 1970లలో లండన్ నుంచి అక్కడికి తరలించింది. ఆ కంపెనీకీ, దాని కొలువులో పనిచేసిన పియెర్ ఎస్ప్రీ రాడిసన్‌కూ మధ్య నడిచిన జీతం తగాదా చరిత్ర పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించి కనిపించదు. ఉత్తర అమెరికా బొచ్చు వ్యాపారం ఎవరి కష్టంతో, ఎవరి లెక్కలతో నడిచిందో తెలుసుకోవాలంటే మాత్రం యుద్ధాలకన్నా ఈ తగాదాయే మేలు. ఇందులో న్యాయం రాడిసన్ పక్షాన ఉందని నా వాదన. అతనిమీద ఉన్న ఆరోపణలన్నీ ఒప్పుకున్నాక కూడా ఉందని అంటాను.

అతను అమ్ముకున్న సరుకు ఏమిటో ముందు చూడాలి. అది దారి. 1659లో రాడిసన్, అతని బావ మెడార్ షువార్ దె గ్రోసెయే కలిసి ఫ్రెంచి వలస అయిన సెయింట్ లారెన్స్ లోయ నుంచి సుపీరియర్ సరస్సు అవతలికి వెళ్లారు. ఆదివాసుల మధ్య చలికాలం గడిపారు, వాళ్లతో ఆకలి పంచుకున్నారు, వాళ్ల మాటల్లోనే ఒక సంగతి తెలుసుకున్నారు: మేలైన బీవర్ చర్మాలు క్రీ జాతివారి దగ్గర, ఉత్తరాన ఉన్నాయి, ఉత్తరాన ఉప్పు సముద్రం ఉంది, ఆ సముద్రం మీదుగా ఓడలో వస్తే నెలల తరబడి పడవలు మోసే పని తప్పుతుంది. 1660లో గుట్టలకొద్దీ చర్మాలతో తిరిగొస్తే ఫ్రెంచి గవర్నరు అనుమతి లేకుండా వెళ్లారంటూ జరిమానా వేసి, వచ్చినదాంట్లో పెద్ద భాగం పన్నుల కింద లాగేసుకున్నాడు. ఫ్రెంచివారు చెవిన పెట్టని ఆ కబురును బావా బావమరుదులు లండన్‌కు మోసుకెళ్లారు. నాన్‌సచ్ ప్రయాణం దాని ఫలితమే. రాడిసన్ ఎక్కిన రెండో ఓడ తుఫానులో దెబ్బతిని వెనక్కి మళ్లింది. గ్రోసెయే ఎక్కిన నాన్‌సచ్ గమ్యం చేరింది. 1670 మే 2న రెండో చార్లెస్ రాజు ఇచ్చిన సన్నదుతో కంపెనీ పుట్టింది. హడ్సన్ అఖాతంలోకి నీళ్లు పారే నేలంతా దానిదేనని ఆ సన్నదు రాసింది. ఆ విస్తీర్ణం దాదాపు 39 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంకన్నా ఎక్కువ. ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్నవారిని ఎవరూ అడగలేదు. దారి చెప్పిన ఇద్దరికీ వాటాదార్ల వరుసలో చోటు దొరకలేదు, వాళ్లు జీతగాళ్లయ్యారు.

దారికి ఇంత ధర ఎందుకంటే చర్మం సంగతి తెలియాలి. బీవర్ ఒంటి మీద రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి. పైన పొడవైన ముతక వెంట్రుక, కింద పొట్టి మెత్తటి నూగు. ఆ నూగు పోగు ఒక్కొక్కదానికీ కంటికి ఆనని ముళ్లలాంటి అంచులుంటాయి. తడిపి, వేడిచేసి, నలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని విడదీయరాని ఫెల్టుగా మారతాయి. యూరప్ పెద్దమనుషుల టోపీలు ఆ ఫెల్టుతోనే తయారయ్యేవి. అన్నిటికన్నా గిరాకీ ఉన్నది కొత్త చర్మానికి కాదు, వాడిన చర్మానికి. క్రీ ప్రజలు చర్మాలను కలిపి కుట్టి, బొచ్చు లోపలికి ఉండేలా ఏడాది రెండేళ్లు ఒంటికి చుట్టుకునేవారు. ఒంటి రాపిడికి ముతక వెంట్రుకలు ఊడిపోయేవి, ఒంటి జిడ్డుకు నూగు మెత్తబడేది. టోపీలు చేసేవాడికి సగం పని అక్కడే అయిపోయేది. చర్మాన్ని వేటాడిందీ, ఒలిచిందీ, కుట్టిందీ, మెత్తబరిచిందీ క్రీ స్త్రీపురుషులే. ఆ ఇళ్ల గుమ్మం దాకా వెళ్లగలిగి, ఆ మాట మాట్లాడగలిగి, ఇచ్చిపుచ్చుకునే మర్యాదలు తెలిసినవాడు లేకపోతే లండన్‌లోని వాటాదారు దగ్గర ఉన్నది ఓడా, ఇత్తడి బిందెలూ మాత్రమే.

ఆ గుమ్మం ఎక్కడుందో చూడాలంటే విన్నిపెగ్ నుంచి ఉత్తరానికి వెళ్లాలి. చర్చిల్ వెళ్లే రైలు రెండు రాత్రులు నడుస్తుంది. చాలామంది ధ్రువపు ఎలుగుబంట్లను చూడటానికి చివరిదాకా పోతారు. దారిలో గిలం అనే చిన్న పట్టణం వస్తుంది; నాన్‌సచ్ నడిపిన కెప్టెన్ ఇంటిపేరు అది. అక్కడి నుంచి రోడ్డు లేదు. పడవలోనో చిన్న విమానంలోనో హేస్ నది ముఖద్వారం దగ్గరి యార్క్ ఫ్యాక్టరీకి చేరాలి. బురద రంగు నీళ్లు, పొట్టి స్ప్రూస్ చెట్లు, ఏటికేడు నదిలోకి జారిపోతున్న ఒడ్డు, వాటి మధ్య తెల్లటి చెక్క గోదాము. 1830లలో మొదలుపెట్టి కట్టిన ఆ గోదాముకు పునాది లేదు. కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, పైపొర వేసవిలో కరిగి ఉబ్బుతుంది. అందుకని నేల కదిలితే తానూ కదిలేలా దూలాలమీద నిలిపారు. 1957 దాకా కంపెనీ అక్కడ వ్యాపారం చేసింది. ఇప్పుడు కెనడా జాతీయ పార్కుల సంస్థ కాపాడుతోంది. రాడిసన్ నాటి గుడిసెల జాడ లేదు, నది మాత్రం అదే.

ఈ నది ఒడ్డున రాడిసన్ రెండు జెండాల కింద దిగాడు. కంపెనీ జీతం, గౌరవం రెండూ చాలక 1675లో ఫ్రెంచివారి పక్షానికి మారినవాడు, 1682లో క్వెబెక్ వర్తకుల పెట్టుబడితో ఇక్కడికి వచ్చాడు. తనకన్నా ఎక్కువ బలంతో ఉన్న ఇంగ్లీషు ముఠాలను రెండింటిని మాటల మాయతో, ధైర్యంతో లొంగదీశాడు. కంపెనీ పంపిన గవర్నరును ఖైదీగా పట్టుకుపోయాడు. తీరా క్వెబెక్ చేరాక అక్కడి గవర్నరు మళ్లీ చర్మాలపై పన్ను వసూలు చేసి, పట్టుకొచ్చిన ఓడను తిరిగి ఇచ్చేశాడు. కష్టపడ్డవాడికి ఫ్రెంచి ప్రభుత్వం రెండోసారి చేసిన అన్యాయం ఇది. పారిస్‌లో ఉన్న ఇంగ్లీషు రాయబారి రాడిసన్ అసంతృప్తిని పసిగట్టాడు. 1684 మేలో రాడిసన్ లండన్‌లో ప్రత్యక్షమయ్యాడు. అదే వేసవిలో కంపెనీ ఓడలో హేస్ నదికి వచ్చి, ఫ్రెంచివారి తరఫున కాపలా ఉన్న సొంత మేనల్లుడు జాన్ బాప్టిస్ట్ షువార్‌ను ఒప్పించి, నెత్తురు చుక్క చిందకుండా కోటను, గోదామును ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఆ ఒక్కసారే 12 వేల బీవర్ చర్మాలు ఓడకెత్తించానని తన యాత్రా కథనంలో రాసుకున్నాడు. ఫ్రెంచి రాజు అతని తలకు వెల కట్టే దాకా వెళ్లిందంటే ఆ దెబ్బ ఎంత గట్టిదో తెలుస్తుంది. ఇక ఫ్రాన్స్ తలుపు అతనికి మూసుకుపోయింది. వేరే యజమాని దగ్గరకు పోగల స్వేచ్ఛ ఉన్నంతకాలమే జీతగాడి మాటకు విలువ. ఆ స్వేచ్ఛను కూడా అతను 1684లో కంపెనీకి ఇచ్చేశాడు.

ప్రతిగా అతనికి ఏటా జీతం, 200 పౌండ్ల మూలధనంపై వచ్చే లాభాంశం ఇస్తామన్నారు. జీతం 100 పౌండ్లకు చేరింది. 1687 తర్వాత అతన్ని అఖాతానికి పంపడం మానేశారు. అప్పటికి అతనికి తెలిసిందంతా కంపెనీకి తెలిసిపోయింది. నది తెలుసు, నావికులు దారి నేర్చుకున్నారు, క్రీలతో బేరం కుదిరింది. 1690 తర్వాత జీతం 50 పౌండ్లకు కోశారు, లాభాంశం ఆగింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. 1684లో బేరమాడి అతన్ని కొలువులోకి తెచ్చిన, కంపెనీని నడిపే కమిటీ సభ్యుల్లో ఒకడైన విలియం యంగ్ ఈ కోతను సహించలేకపోయాడు. ఇచ్చిన మాట ఏమిటో, అతను చేసిన మేలు ఏమిటో 1692లో వరుసగా రాసి కమిటీ ముందు పెట్టాడు. యజమాని పక్షంలో కూర్చున్నవాడే సాక్ష్యం చెప్పిన తగాదా ఇది. కమిటీ కదలలేదు. 1694లో రాడిసన్ లండన్ ఛాన్సరీ కోర్టుకెక్కాడు.

కంపెనీ తరఫు వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 1686లో ఫ్రెంచి దళం మాంట్రియల్ నుంచి అడవి దారిన వచ్చి దక్షిణపు కొసన జేమ్స్ అఖాతంలో ఉన్న కంపెనీ కోటలు మూడింటినీ పట్టుకుంది. 1689లో రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది. 1694లో యార్క్ కోట కూడా ఫ్రెంచి సేనాని ఇబెర్విల్ చేతిలో పడింది. 1690 తర్వాత 1718 దాకా వాటాదార్లకు ఒక్క పైసా లాభాంశం లేదు. యజమానే పస్తుంటే పనివాడు నిండు జీతం అడగడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. లెక్కల పుస్తకాలు ఇందుకు జవాబు చెబుతున్నాయి. 1684లో నూటికి 50, 1688లో 50, 1689లో 25 లాభాంశం పంచారు. 1690లో గోదాముల్లోని సరుకు విలువ పెరిగిందంటూ మూలధనాన్ని కాగితం మీద మూడింతలు చేసి, 10,500 పౌండ్లను 31,500గా రాసుకుని, దానిపై మళ్లీ 25 శాతం ఇచ్చుకున్నారు. అంటే 1684కు ముందు 100 పౌండ్లు పెట్టినవాడికి ఏడేళ్లలో 200 పౌండ్లు చేతికొచ్చి, వాటా 300గా మిగిలింది. ఈ పంపకంలో ఎక్కువ భాగం జేమ్స్ అఖాతం కోటలు పోయాక జరిగింది. కోటలు పోయాక కంపెనీకి మిగిలిన ప్రధాన వ్యాపార స్థలం యార్క్, అంటే 1684లో రాడిసన్ అప్పగించిన నదీముఖం. కాబట్టి 1688 నుంచి 1690 దాకా పంచుకున్న సొమ్ములో అతని పని ఫలం ఉందనడం అతిశయోక్తి కాదు. లాభం వచ్చినప్పుడు వాటాలు మూడింతలు, నష్టం వచ్చినప్పుడు ముందుగా కోత ఒక జీతగాడికి. ఇది కరువు లెక్క కాదు, కమిటీ ఎంచుకున్న వరుస. పైగా అతను అడిగింది ఆ ఏటి కష్టానికి కూలి కాదు. ఎన్నడో చేసి ముగించిన పనికి వాయిదాల మీద చెల్లిస్తామన్న ధర. సరుకు ముందే తీసుకున్నవాడు, తరువాత తన వ్యాపారం దెబ్బతిన్నదని బాకీ సగానికి తగ్గించుకోలేడు.

రెండో ఆక్షేపణ అతని నడత మీద. ఫ్రాన్స్‌ను వదిలి ఇంగ్లండ్, ఇంగ్లండ్‌ను వదిలి ఫ్రాన్స్, మళ్లీ ఇంగ్లండ్. ఇలాంటివాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవలసిన అవసరం ఏమిటని ఆనాడే అన్నారు, ఈనాటికీ కొందరు చరిత్రకారులు అంటారు. అతను నిలకడ లేనివాడన్నది నిజం. మేనల్లుడిని ఆ విధంగా ఇరికించడం నాకూ మింగుడుపడదు. నమ్మి కోట అప్పగించిన ఆ కుర్రవాడిని అతని ఇష్టంతో పనిలేకుండా ఇంగ్లండ్‌కు తరలించారు. అయితే ఆ మలుపులను వరుసగా పెట్టి చూస్తే దాదాపు ప్రతిదాని వెనకా చెల్లించని బాకీ ఒకటి కనిపిస్తుంది: 1660 జరిమానా, 1670ల చాలీచాలని జీతం, 1683 పన్ను. పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టినచోటి నుంచి అతను వెళ్లిపోయాడు. రాజభక్తి పేరుతో కూలివాణ్ణి కట్టేయాలనుకున్నవారు కూలి ఇవ్వడాన్ని మాత్రం భక్తిగా ఎంచలేదు. మరీ ముఖ్యంగా, 1684లో కంపెనీ అతన్ని పిలిచిందే అతను పక్షం మారగలడని తెలిసి. ఆ గుణాన్ని కొనుక్కున్నవాడు, ఆ గుణమే ఉందని ధర తగ్గించడం చెల్లదు.

మూడో ఆక్షేపణ నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేస్తుంది. రాడిసన్ పేద కూలివాడు కాదు. కంపెనీ వాటాదారు జాన్ కిర్క్ కూతురిని పెళ్లాడినవాడు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్ ఉత్తరాన ఆర్కెనీ దీవుల నుంచి కుర్రవాళ్లను తెచ్చి అఖాతంలో కూలికి పెట్టినప్పుడు వాళ్ల జీతం ఏటా 6 పౌండ్లతో మొదలయ్యేది. అతని 50 పౌండ్లు ఎక్కడ, ఆ 6 పౌండ్లు ఎక్కడ? ఇక చర్మాన్ని ఒంటిమీద మోసిన క్రీ స్త్రీకి జీతాల పట్టీలో చోటే లేదు. మరి ఒక్క రాడిసన్ కోసం కన్నీళ్లెందుకు? ఈ ఆక్షేపణలోని బాధ నిజమే, కానీ అది కంపెనీని సమర్థించదు, దాని నేరాన్ని ఇంకా పెంచుతుంది. పేరుమోసినవాడు, కోర్టుకెక్కే స్తోమత ఉన్నవాడు, కమిటీలోనే సాక్షి ఉన్నవాడు మూడేళ్లు పోరాడితేగాని సగం జీతం తిరిగి రాకపోతే, అఖాతంలోని కుర్రవాడు ఎవరితో చెప్పుకుంటాడు? అదే కాలంలో అదే లండన్ నుంచి నడిచిన ఈస్టిండియా కంపెనీని పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. 1611లో మచిలీపట్నంలో కోఠీ తెరిచిన ఆ కంపెనీ, తన గుమాస్తాలకు ఏటా 5 పౌండ్ల పాటి జీతం పడేసి, సొంత వ్యాపారం చేసుకోనిచ్చేది. ఆ లోటు కోరమండల్ తీరపు నేతగాళ్ల నుంచీ రేవుల నుంచీ రాబట్టుకునేవారు. హడ్సన్స్ బే కంపెనీ సొంత వ్యాపారాన్ని గట్టిగా నిషేధించింది, పట్టుబడితే చర్మాలు జప్తు చేసేది. పక్కదారి ఆదాయం మూసేసిన యజమాని మీద, ఒప్పుకున్న జీతాన్ని పూర్తిగా చెల్లించే బాధ్యత రెట్టింపు అవుతుంది. మూసింది, చెల్లించనూలేదు.

1697లో ఛాన్సరీ కోర్టు రాడిసన్ వాదన ఒప్పుకుంది. అదే ఏడాది ఇబెర్విల్ నౌకాయుద్ధంలో గెలిచి యార్క్ కోటను మళ్లీ పట్టాడు. 1714 దాకా ఆ నది ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. కంపెనీకి అంతకన్నా గడ్డుకాలం లేదు. అయినా తీర్పు వచ్చాక రాడిసన్‌కు ఏటా 100 పౌండ్లు అతను చనిపోయేదాకా అందాయి. ఇవ్వలేక కోశామన్న వాదన ఇక్కడితో వీగిపోతుంది. ఇంకా చిత్రమైన సంగతి, ఫ్రెంచివారితో హక్కుల వాదన వచ్చినప్పుడు కంపెనీ 1697లో అతని చేతనే ప్రమాణ పత్రం రాయించుకుంది. జీతం దగ్గర పరాయివాడు, సాక్ష్యం దగ్గర సొంతవాడు. 1700లో లండన్ గోదాము చూసుకునే ఉద్యోగం ఖాళీ అయితే అతను దరఖాస్తు పెట్టుకున్నాడు, ఇవ్వలేదు. 1710లో చనిపోయాడు. అతని భార్యకు కంపెనీ దయతలచి ఇచ్చినట్టుగా లెక్కల్లో రాసిన మొత్తం 6 పౌండ్లు. 1729లో ఆమె జబ్బుపడి ఇబ్బందుల్లో ఉందని తెలిసి మరో 10 పౌండ్లు పంపారు. హైదరాబాద్‌లో, విశాఖలో కనిపించే రాడిసన్ హోటళ్ల పేరు ఇతనిదే. 1909లో మినియాపొలిస్‌లో తెరిచిన మొదటి హోటలుకు ఆ పేరు పెట్టారు.

హడ్సన్స్ బే కంపెనీ చివరికి కెనడా నగరాల్లో డిపార్ట్‌మెంట్ స్టోర్లు నడిపే సంస్థగా మిగిలి, 2025 మార్చిలో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. జూన్ 1న ఆఖరి దుకాణాలు మూతపడ్డాయి. 8 వేలకు పైగా ఉద్యోగులు పని కోల్పోయారు. తొలగింపు పరిహారం కంపెనీ చెల్లించలేదు, తాకట్టు ఉన్న అప్పులవాళ్ల తరువాతి వరుసలో వాళ్లు నిలబడవలసి వచ్చింది. 1670 నాటి సన్నదు కాగితం అదే ఏడాది చివర 1 కోటి 80 లక్షల కెనడా డాలర్లకు అమ్ముడుపోయింది.